మూతపడని రెప్ప

మా చెల్లెలు నిద్రపోయినా కళ్ళు పూర్తిగా మూతపడడం లేదని మొదట చూసింది నేనే. ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక తను మా ఇంట్లో చాప మీద పడుకుంది. నేను పక్కనే కూర్చుని, మరుసటి రోజు ఆర్డరు మీద చేసివ్వాల్సిన ఓలిగలకు, అదే బొబ్బట్లకు, శనగపప్పు ఏరుకుంటున్నాను. ఫ్యాను గాలికి తన పైటకొంగు ఎగిరి ముఖం మీద పడింది. తీద్దామని వంగి చూస్తే కుడికంటి రెప్పల మధ్య వడ్లగింజంత సందు ఉంది. ఆ సందులోంచి తెల్లగుడ్డు మెరుస్తోంది. నల్లగుడ్డు పైకి పోయి దాని కింది అంచు మాత్రం కనబడుతోంది. ఎడమకన్నూ అంతే, కాకపోతే సందు ఇంకొంచెం సన్నం.

మేలుకొనే ఉందేమో అనుకుని పిలిచాను. పలకలేదు. సన్నగా గురక వస్తోంది. గురక వినబడుతున్నా నా గుండె కుదుటపడలేదు. మా అవ్వ పోయినప్పుడు ఆమె కళ్ళూ ఇట్లాగే సగం తెరుచుకుని ఉంటే, మా అమ్మ బొటనవేలితో రెప్పలు కిందికి దించి కాసేపు అదిమి పట్టుకుంది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అమ్మ వేలు ఎట్లా కదిలిందో ఇప్పటికీ గుర్తుంది. ఏమీ ఆలోచించకుండా నేనూ అదే చేశాను. మా చెల్లెలి కుడికంటి రెప్ప మీద బొటనవేలు పెట్టి కిందికి దించాను.

రెప్ప సగం దాకా వచ్చి ఆగిపోయింది. వేలు తీయగానే వెనక్కి పోయింది. పూర్ణం ఎక్కువై పిండి తక్కువైతే ఓలిగ అంచులు ఎంత లాగినా కలవవు. నా వేలి కింద ఆ రెప్ప అట్లాగే బిగిసి ఉంది. చర్మం చాలలేదు. అప్పుడు తెలిసొచ్చింది నేనేం చేస్తున్నానో. ప్రాణమున్న మనిషికి, అదీ నా చేతుల్లో పెరిగిన పిల్లకు, పీనుగకు చేసే పని చేశాను. చేయి వెనక్కి తీసుకుని చీరకు తుడుచుకున్నాను. ఎన్నిసార్లు తుడుచుకున్నానో లెక్కలేదు.

అంతకు మూడు వారాల ముందు మా చెల్లెలు పనికి సెలవు పెట్టి చెన్నైకి పోయి వచ్చింది. రెండు కళ్ళ రెప్పల మీదా చిన్న గడ్డలు లేచాయని, తీయించుకుంటానని నాకు చెప్పింది. తన మొగుడికీ అదే చెప్పింది. అతను శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. తెల్లవారక ముందే కంపెనీ బస్సు ఎక్కితే దీపాలు పెట్టాక గానీ తిరుపతి చేరడు. పగలంతా ఇంట్లో ఒక్కతే ఎందుకని నేనే తనను మా ఇంటికి రమ్మన్నాను. నల్లద్దాలు పెట్టుకుని వచ్చింది. వాపు దిగాక అద్దాలు తీస్తే కళ్ళు పెద్దవిగా కనబడ్డాయి. తను గోడ అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తిరిగి చూసుకుంది. కళ్ళు ఎట్లా ఉన్నాయని నన్ను అడిగింది.

"బెదిరిన మేక కండ్ల మాదిరి ఉండాయి," అన్నాను నేను నవ్వుతూ.

తను నవ్వలేదు. గడ్డలు తీసిన చోటు ఇంకా మానలేదు కాబోలు అనుకున్నాను.

మా చెల్లెలి కళ్ళు మా నాయన కళ్ళు. నాకు అమ్మ కళ్ళు వచ్చాయి. మా నాయన చిత్తూరు పక్క పల్లెల్లో బెల్లం వండేవాడు. పై రెప్ప చర్మం వదులుగా కిందికి జారి వెంట్రుకల మీద కూర్చునేది. మేలుకొని ఉన్నా నిద్రపోతున్నట్టే ఉండేవాడు. గానుగ దగ్గర మనుషులు ఆయన్ను ఆటపట్టించేవాళ్ళు. మా చెల్లెలికి ఆ రెప్పలు చిన్నప్పుడు అంతగా తెలియలేదు గానీ నలభై దగ్గరపడేసరికి బాగా బరువెక్కాయి.

తను తిరుపతిలో ఒక పెద్ద బట్టల అంగట్లో పట్టుచీరల కౌంటరులో పనిచేసేది. చీర విప్పి చూపించి, మళ్ళీ మడతపెట్టేటప్పుడు తల వంచుకునే కదా మడతపెట్టాలి. కొత్తగా వచ్చిన మేనేజరు కెమెరాలో చూసి, ఈవిడ నిలబడి నిద్రపోతోందన్నాడట. తను ఎంత చెప్పినా వినలేదు. మూడో అంతస్తు నుంచి తీసి కింద లంగాలు, లైనింగు గుడ్డలు అమ్మే చోట వేశాడు. ఆ రోజు సాయంత్రం వచ్చి ఈ సంగతి మాకు చెబితే మా ఇంటాయన తమాషా చేశాడు.

"పట్టుచీరల కాడ నిద్రపోతే తప్పుగానీ, లంగాల కాడ పోతే ఎవురు సూస్తార్లే మరదలా."

తను నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. తను ఆ రోజు నుంచే ఫోనులో రెప్పలు కత్తిరించి కళ్ళు విశాలం చేసేవాళ్ళ బొమ్మలు చూడడం మొదలుపెట్టిందని నాకు తర్వాత తెలిసింది.

అయితే ఆ మధ్యాహ్నం నాకు ఇదేదీ తెలియదు. తను లేచాక, కళ్ళు మూతపడడం లేదు కదమ్మా అన్నాను. తను తేలిగ్గా కొట్టిపారేసింది. కళ్ళలో ఇసుక పోసినట్టు ఉందని, పొద్దున లేస్తే మంటగా ఉంటుందని మాత్రం చెప్పింది. చెన్నైకి ఫోను చేస్తే, ఇచ్చిన ట్యూబు రాసుకుంటూ ఉండండి, నెలలో సర్దుకుంటుంది అన్నారట.

మంట అనగానే నాకు దారి దొరికినట్టయింది. మా నాయన బెల్లం పొయ్యి దగ్గర నుంచి వచ్చేసరికి కళ్ళు మిరపపండ్ల మాదిరి అయ్యేవి. మా అమ్మ నందివర్ధనం పూలు కోసి, నీళ్ళలో వేసి, చల్లబడ్డాక ఆయన మూసిన కళ్ళ మీద పరిచి, పలచటి తడిగుడ్డతో కట్టేది. కాసేపటికి మంట పోయేది. మా ఇళ్ళల్లో కంటికి వేడి చేసిందంటే అదే వైద్యం. పసిపిల్లలకు కూడా చేశాం. ఎవరికీ ఏ కీడూ జరగలేదు.

మా ఇంటి వెనక ఒక నందివర్ధనం చెట్టు ఉంది. మూడు రోజులు, రోజుకు రెండు పూటలు, పూలు కోసి మా చెల్లెలి కళ్ళ మీద పరిచి గుడ్డ కట్టాను. చల్లగా ఉందని తను అట్లాగే నిద్రపోయేది. నేను మురిసిపోయాను. మా అమ్మ పూలు పరిచింది మూతపడే కళ్ళ మీద. నేను పరిచింది మూతపడని కళ్ళ మీద. ఆ సందు నేను నా కళ్ళతోనే చూశాను, నా వేలితో తాకాను. అయినా ఆ తడిరేకులు, ఆ గుడ్డ తిన్నగా నల్లగుడ్డు మీద రాసుకుంటాయన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

నాలుగో రోజు పొద్దున తను గోడ పట్టుకుంటూ వచ్చింది. మొగుడు పనికి పోయాక ఎట్లాగో మా ఇంటి దాకా నడిచింది. కుడికన్ను తెరవలేకపోతోంది. వాకిట్లో వెలుతురు పడితే కత్తితో పొడిచినట్టుందని గోడవైపు తిరిగి కూర్చుంది. నేను మెల్లగా రెప్ప ఎత్తి చూశాను. కన్నంతా ఎర్రగా ఉంది. నల్లగుడ్డు కింది భాగంలో నూకంత తెల్లటి చుక్క ఉంది. నీళ్ళతో కడిగితే పోతుందేమో అనుకుని కడిగాను. పోలేదు. అది కంటి మీద పడింది కాదు, కంట్లోనే పుట్టింది.

తనకు మాత్రం ఏమీ లేదులే, కొంచెం ఎర్రగా ఉంది అని చెప్పాను. నా గొంతు వినగానే తనకు అర్థమైపోయింది. నా చేయి పట్టుకుని అప్పుడు చెప్పింది.

"గడ్డలు కాదక్కా. లేనే లేవు గడ్డలు. కండ్లు బాగుండాలని రెప్పలు కోయించుకున్నా. ఆయనకు చెప్పొద్దు."

తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఆ తెల్ల చుక్క చూశాక తిట్టడానికి నోరు రాలేదు. మా ఇంటాయన ఆటో నడుపుతాడు. ఫోను చేస్తే స్టేషను దగ్గర నుంచి వెంటనే వచ్చాడు. విషయం వినగానే మమ్మల్ని ఎక్కించుకున్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతూ నడిపే మనిషి ఆ రోజు ఆసుపత్రి దాకా నోరు మెదపలేదు. అది చూసి నాకు భయం ఇంకా ఎక్కువైంది.

కంటి ఆసుపత్రిలో వరుసలో కూర్చున్నాం. పక్కన ఒక ముసలామె శుక్లాలకు మందు వేయించుకుని కూర్చుంది. మా చెల్లెల్ని చూసి, ఇంత చిన్న వయసుకే ఏమొచ్చిందమ్మా అని అడిగింది. నేను దుమ్ము పడిందని చెప్పాను. ఆ అబద్ధం అంత సులువుగా ఎట్లా వచ్చిందో.

డాక్టరమ్మ మా కంటే చిన్నది. ముందు మా చెల్లెల్ని మెల్లగా కళ్ళు మూయమంది. మూసింది. ఇంకా మూయండి అంది. తను మూస్తూనే ఉంది, నుదురు ముడతలు పడుతోంది, పెదవులు బిగుసుకున్నాయి, సందు మాత్రం అట్లాగే ఉంది. డాక్టరమ్మ చిన్న స్కేలు పెట్టి ఆ సందును కొలిచింది. కొలిచి ఏదో రాసుకుంది. ఎక్కడ చేయించారని అడిగితే మా చెల్లెలు చెప్పింది. డాక్టరమ్మ ఆ పేరు కూడా రాసుకుంది. పై రెప్పల మీద ఉండాల్సిన చర్మం కంటే ఎక్కువ తీసేశారని, అందుకే రెప్ప కిందికి అందడం లేదని, మూతపడని కన్ను ఎండిపోయి పుండవుతుందని చెప్పింది.

తర్వాత నారింజ రంగు కాగితం ముక్క ఒకటి కంటికి తాకించి, గదిలో దీపం తీసేసి, నీలం వెలుతురు వేసింది. నన్ను కూడా చూడమంది. నల్లగుడ్డు మీద ఆకుపచ్చగా ఒక మచ్చ వెలుగుతోంది. పచ్చగా కనబడేదంతా పుండు అని చెప్పింది. ఉత్తి కంటికి నూకంత కనబడింది, ఆ వెలుతురులో కందిబద్దంత ఉంది.

అప్పుడు అడిగింది. "కంట్లో ఏమైనా వేశారా అమ్మా? ఆకు పసరు గానీ, పాలు గానీ, ఏదైనా?"

"ఏం లేదు మేడం," అంది మా చెల్లెలు వెంటనే. "వాళ్ళిచ్చిన ట్యూబే రాసినా."

తను నా వైపు చూడలేదు. నన్ను కాపాడడానికే అట్లా చెప్పిందని నాకు తెలుసు. డాక్టరమ్మ సరేనని చీటీ మీద మందులు రాయడం మొదలుపెట్టింది. పూల సంగతి చెబితే ఆమె ఏమంటుంది? చదువు లేని మనిషి, చెల్లెలి కన్ను పోగొట్టిందంటుంది. ఇంటికి పోయాక మరిది అడుగుతాడు. చుట్టాలంతా అంటారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. తప్పంతా కోసినవాళ్ళ మీదకే పోతుంది. తప్పు వాళ్ళది కాదా, వాళ్ళదే కదా. ఇవన్నీ నేను కుర్చీ పట్టుకుని నిలబడి అనుకున్నాను. ఆమె పెన్ను కాగితం మీద నడుస్తూనే ఉంది. రెండో మందు రాసి మూడో మందు దగ్గరికి వచ్చింది.

"పూలు పెట్టినాను మేడం," అన్నాను. "నందివర్ధనం పూలు. తడిపి, కండ్ల మింద పెట్టి గుడ్డ కట్టినా. మూడు దినాలు. నేనే కట్టినా, ఆ పిల్లకేం తెలీదు."

పెన్ను ఆగింది. డాక్టరమ్మ తిడుతుందనుకుని తల వంచుకున్నాను. ఆమె తిట్టలేదు. రాసిన చీటీని చించి బుట్టలో పడేసింది.

పొలాల్లో గడ్డి, ఆకు, వరి వెన్ను కంటికి తగిలి వచ్చేవాళ్ళు రోజూ ఉంటారట. చెట్టుకు సంబంధించింది ఏది తగిలినా కంట్లో బూజు పట్టే ప్రమాదం ఉంటుందట. బూజుకు మందు వేరు. మామూలు పుండనుకుని మామూలు మందు వేస్తే బూజు లోపలికి పోతుంది. చెన్నైవాళ్ళు ఇచ్చిన ట్యూబు అడిగి చూసింది. ఇందులో ఉన్న మందు బూజుకు ఎరువు వేసినట్టే, ఈ రోజు నుంచి దీన్ని ముట్టుకోవద్దు అంది. కంటికి మత్తు చుక్క వేసి, సన్నటి బ్లేడుతో ఆ పుండును గీకి, గాజుపలక మీద పూసి పరీక్షకు పంపింది. గీకేటప్పుడు మా చెల్లెలు నా మణికట్టు పట్టుకుంది. నొప్పి లేదని తర్వాత చెప్పింది గానీ, నా చేతి మీద గోళ్ళ గుర్తులు రెండు రోజులున్నాయి.

ఆ రోజే చెప్పారు. బూజే. సన్నటి దారాల్లా కనబడిందట.

ఆ మాట వేరేవాళ్ళు వింటే ఎట్లా ఉండేదో. నాకు బూజు సంగతి తెలుసు. ఊరగాయ జాడీలో పైన తెల్లగా కనబడితే అంతవరకే తీసి పడేస్తాం. కింద బాగుందనుకుంటాం. రెండు రోజులకు లోపలి నుంచి మళ్ళీ వస్తుంది. అప్పుడు జాడీ మొత్తం పారబోయడమే. కన్నును ఏం చేస్తారు? ఈ మాట అడగడానికి ధైర్యం చాలలేదు. మా చెల్లెలే అడిగింది.

"కన్ను తీసేస్తారా మేడం?"

మందుకు లొంగితే కన్ను నిలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది. లొంగకపోతే నల్లగుడ్డు పైపొర మార్చాలని, అదీ అన్నిసార్లూ పట్టదని చెప్పి అంతటితో ఆపేసింది. ఆపేసిన చోట ఏముందో మేం ఇద్దరం అడగలేదు.

తను వద్దన్నా, ఇక దాచలేక ఇంటికి వచ్చాక మరిదికి నేనే చెప్పాను. రెప్పల సంగతి, పూల సంగతి, రెండూ. అతను నేల చూస్తూ కూర్చున్నాడు. ఏ కన్ను అని అడిగాడు. కుడికన్ను అన్నాను. తల ఊపాడు. మరునాడు పనికి పోలేదు. ఫ్యాక్టరీలో బతిమాలి కొన్నాళ్ళు షిఫ్టు మార్చుకున్నాడు.

బూజు మందు పాలలాగా తెల్లగా ఉంటుంది. అడుగుకు దిగిపోతుంది కాబట్టి ప్రతిసారీ బాగా ఊపి వేయాలి. గంటకొకసారి. ఆరిపోయాక వెంట్రుకల మీద సున్నం పట్టినట్టు ఉండేది. పగలు నేను, సాయంత్రం నుంచి మరిది. నేను ఓలిగల ఆర్డర్లు తీసుకోవడం మానేశాను. పిండి పట్టిన చేత్తో ఆ కన్ను ముట్టుకోవాలంటే భయం. సబ్బుతో చేతులు కడిగి కడిగి వేళ్ళ సందులు పగిలాయి. పడుకునేటప్పుడు రెప్పను కిందికి లాగి కాగితం ప్లాస్టరు అంటించాలి. డాక్టరమ్మ నా చేత మూడుసార్లు చేయించి, సరిగ్గా వచ్చాకే ఇంటికి పంపింది. ఆ ప్లాస్టరు కింద కన్ను తెరుచుకుందా మూసి ఉందా అని వంగి చూడడం, లేచి పోవడం, మళ్ళీ వచ్చి చూడడం, ఇదే నా పని.

రోజు విడిచి రోజు ఆసుపత్రికి పోయేవాళ్ళం. పోయినప్పుడల్లా డాక్టరమ్మ ఫైలులో గుండ్రంగా గీసి, దాని లోపల రంగు పెన్సిలుతో పుండు బొమ్మ వేసేది. నాకు ఇంగ్లీషు రాదు, ఆ పక్కన రాసేది అర్థం కాదు. బొమ్మ మాత్రం అర్థమవుతుంది. ఆమె భుజం మీదుగా ఆ పెన్సిలునే చూసేదాన్ని. మొదటి వారం బొమ్మ చిన్నది కాలేదు. రెండో వారంలో ఒకరోజు ముందటి దాని కంటే పెద్దగా వేసింది. నేను ఆమె ముఖం చూశాను. ఆమె మాకు కనబడకుండా పెదవి కొరుక్కుంది. ఇంకో మందు కలిపింది. ఆ రోజు ఆటోలో మా చెల్లెలు, బొమ్మ ఎట్లా ఉంది అని అడిగింది. అంతే ఉంది అన్నాను. అబద్ధం సెప్తా ఉండావు, నీకు అబద్ధమాడేటప్పుడు గొంతు సన్నబడతాది అంది. ముందు సీట్లో మా ఇంటాయన గట్టిగా హారను కొట్టాడు, ముందర ఎవరూ లేకపోయినా.

మూడో వారం దాటాక బొమ్మ అంచులు లోపలికి జరిగాయి. నమ్మబుద్ధి కాలేదు. తర్వాతి సారి ఇంకా జరిగాయి. పుండు మానేసరికి నెలన్నర పైన పట్టింది. మానిన చోట బూడిద రంగు మచ్చ నిలిచింది.

సంతోషపడబోతే డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. రెప్ప మూతపడనంత కాలం ఆ కన్ను ఎండుతూనే ఉంటుంది, పుండు మళ్ళీ వస్తుంది. మామూలుగా అయితే మొదటి కోత మెత్తబడే దాకా కొన్ని నెలలు ఆగుతారట. ఈ కంటికి అంత గడువు లేదు. చెవి వెనక నుంచి చర్మం తీసి రెప్పకు అతుకు వేయాలి. ఎడమకంటికి చుక్కలతో నెట్టుకురావచ్చు.

మా చెల్లెలు కుర్చీలోంచి లేచి బయటికి వచ్చేసింది. వెనకాలే పోతే వరండా చివర నిలబడి ఉంది.

"ఒకసారి కోసినారు. సాల్లే అక్కా. బతికినన్నాళ్ళు ప్లాస్టరు ఏసుకుని పడుకుంటా."

"నేనుండేదాకా నేనేస్తా. నేను పోయినాక?"

"అప్పటికి నాకు కన్నుంటే కదా."

ఇద్దరం ఆ వరండాలోనే నిలబడ్డాం. రెప్ప మీద కత్తి అంటే నాకూ ఒళ్ళు జలదరిస్తోంది. తను ఎందుకు వద్దంటోందో నాకు తెలుసు. బాగుచేస్తామన్న చేతులే ఇట్లా చేశాయి. వైద్యమని నేను పెట్టిన చేయి అంతకంటే ఘోరం చేసింది. మూడో చేతిని ఎట్లా నమ్ముతుంది? డాక్టరమ్మ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. బలవంతం చేయలేదు. ఎవరూ తొందరపెట్టరు, కానీ ఈసారి పుండు వస్తే నేను ఏమీ హామీ ఇవ్వలేను అంది. అతుకు పట్టకపోతే ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పింది. నొప్పి ఎంతసేపు ఉంటుందో, రంగు ఎట్లా తేడాగా కనబడుతుందో, అన్నీ చెప్పింది. చెన్నైలో ఇవేవీ చెప్పలేదని మా చెల్లెలు తర్వాత అంది. అందుకే ఒప్పుకున్నానంది.

ఆపరేషను రోజు మెలకువగా ఉంచే చేశారు, సూదితో ఆ చోటు మాత్రం మొద్దుబార్చి. నేనూ మరిదీ బయట బెంచీ మీద కూర్చున్నాం. తలుపు పైన ఎర్ర దీపం. మరిది ఫోను తీసి చూడడం, జేబులో పెట్టుకోవడం. నేను మనసులో ఏ దేవుడికీ మొక్కుకోలేకపోయాను. మొక్కుకుందామని కళ్ళు మూసుకుంటే, నా కళ్ళు మూతపడుతున్నాయి కదా అన్న ఆలోచన వచ్చి వెంటనే తెరిచేదాన్ని. గంటన్నర తర్వాత బయటికి తెచ్చారు. సగం ముఖం కట్టు. చెవి వెనక ఇంకో కట్టు. లోపల పాత కోతను మళ్ళీ తెరిచినప్పుడు రెప్ప ఒక్కసారిగా వదులైందట. బిగుతు పోవడం తనకు తెలిసిందట. రైక కుట్టు విప్పినట్టు అనిపించింది అంది. ఆ మాట అక్కడే అంటే డాక్టరమ్మ నవ్విందట.

వారం పాటు కట్టు. ఆ వారం కింద ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. అతుకు పడుతోందా, నల్లబడి చస్తోందా. కట్టు మీద చిన్న మరక కనబడినా నేను మా ఇంటాయన్ను ఆసుపత్రికి తరిమేదాన్ని, ఫోటో తీసి చూపించి రమ్మని. ఆయన రెండుసార్లు పోయాడు. మూడోసారి, ఆ నర్సమ్మ నన్ను సూస్తే దాక్కుంటా ఉండాది అన్నాడు. పోయాడు మాత్రం.

కట్టు విప్పిన రోజు అతుకు వంకాయ రంగులో, ఉబ్బి, రెప్ప మీద ఏదో అంటించినట్టు ఉంది. చచ్చిపోయిందనుకున్నాను. డాక్టరమ్మ దూదితో మెల్లగా ఒత్తింది. రంగు తెల్లబడి, మళ్ళీ తిరిగి వచ్చింది. రక్తం పారుతోంది, పట్టింది అంది. మూయండి అంది. మా చెల్లెలు మూసింది. వాపు వల్ల బరువుగా, ఆగి ఆగి దిగింది రెప్ప. దిగి కింది రెప్పను తాకింది. డాక్టరమ్మ స్కేలు తీసింది గానీ కొలవడానికి ఏమీ లేదు.

రెండు నెలలకు చూపు పరీక్ష పెట్టారు. ఎడమకన్ను మూసి, గోడ మీది తెలుగు అక్షరాలు చదవమన్నారు. నేను వెనకాల నిలబడ్డాను. మొదటి వరుస చదివింది. రెండోది చదివింది. మూడోది తడుముకుంటూ చదివింది. నాలుగో వరుస దగ్గర ఆగింది. నాకు ఆ అక్షరాలన్నీ కనబడుతున్నాయి. పెదవుల దాకా వచ్చాయి. పళ్ళు బిగించుకున్నాను.

"అచ్చరాలు ఉండాయి మేడం. ఏవనేది తెలీలేదు," అంది.

మచ్చ అడ్డు వస్తోందని, కొంత పలచబడవచ్చని, పూర్తిగా మాత్రం పోదని డాక్టరమ్మ చెప్పింది. చుక్కలు మానకూడదు. ఎర్రబడితే ఆ రోజే రావాలి. ఇంట్లో ఏమీ పెట్టకూడదు. ఆ చివరి మాట నా వైపు చూడకుండా చెప్పింది. ఆమె మంచితనం అది.

బయటికి వచ్చి గేటు దగ్గర ఆటో కోసం నిలబడ్డాం. ఇన్ని నెలలు అడగలేక మింగుకున్న మాట అప్పుడు అడిగాను. ఆ మూడు వరుసల కింద పోయిందంతా నా వల్లే కదా, నా మీద కోపం లేదా అని.

తను నా వైపు తిరిగింది. "ఉండాది," అంది. "లేదంటే నువ్వు నమ్మవు. పూలు పెట్టినందుకు ఉండాది. ఆ పొద్దు లోపల నోరు తెరిచినావే, అందుకు లేదు. నేనయితే చెప్పుండను."

ఆ మాట నాకు చాలు. లేదంటే నిజంగానే నమ్మేదాన్ని కాదు. అంతలో కొండకు పోయే బస్సు ఒకటి మా ముందు నుంచి మలుపు తిరిగింది. రోడ్డు తవ్విపోసిన మట్టి లేచి ముఖాల మీద కొట్టింది. నేను నా కళ్ళ సంగతి మరిచి తన వైపే చూశాను. ఎవరూ చెప్పకుండా, ఎవరి చేయీ తగలకుండా, తన రెండు కళ్ళూ ఒక్కసారే మూతపడ్డాయి. ఎడమది వెంట్రుకవాసి తక్కువగా. కుడిది పూర్తిగా. దుమ్మంతా నా కళ్ళలో పడింది. నీళ్ళు కారుతున్నా నేను తన రెప్పల మీద నుంచి చూపు తిప్పలేదు.